కొమ్ము వంగిన ఆవు

సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీ వెనకాల, తొంభై మూడో సంవత్సరంలో, లోకంలోకెల్లా ఇరుకైన బాస్కెట్‌బాల్ రింగు ఒకటి ఉండేది. దాన్ని వంచినవాడు కంది ఊరి కొమురయ్య. పటేల్‌గూడ పక్కనున్న పెద్ద కంపెనీలో కాంట్రాక్టు మీద వెల్డింగు చేసేవాడు. కొడుకు అంజయ్య వచ్చి "నాయినా, కాలేజీల రింగు ఇరిగింది, ఒకటి చేసియ్యవా" అని అడిగితే, సరేనని తుక్కులోంచి ఒక కడ్డీ అడిగి తెచ్చుకున్నాడు. కొలత ఎంతో ఎవరికీ తెలియదు. బంతినే ఇంటికి తెప్పించుకుని, దాని చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలి కడ్డీ వంచేశాడు.

"బంతి పడుతదా, పడదా? పడుతది. ఇగ ఎక్కువ ఎందుకు?" అన్నాడు.

రెండేళ్ళు ఆ రింగులో వేసీ వేసీ ఆ పిల్లల చూపు సూది మొనయింది. వేరే ఊరికి ఆటకు పోయి అక్కడి రింగు చూస్తే వాళ్ళకు దిగుడుబావి చూసినట్టుండేది. జోగిపేటలో ఒకడు తుమ్ముతూ విసిరినా పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తుమ్మినవాడు అంజయ్యే.

గ్రౌండు కూడా తక్కువది కాదు. పడమటికి వాలి ఉండేది. బంతి చేజారితే గేటు దాటి, రోడ్డు దాటి, బజ్జీల బండి దాకా పోయేది. ఒకసారి పోయి మూకుట్లోనే పడింది. తీసి తుడిచి ఆడారు. వారం దాకా అందరి వేళ్ళకూ శనగపిండి వాసన.

జట్టులో ఐదుగురు. పెద్దరాములు ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. కందిలో మాత్రం ఏడని చెప్పుకునేవారు. బస్సులో నిలబడాలంటే వాడు తల మడత పెట్టుకోవాలి. యాదన్న గొర్రెల మందలో పెరిగినవాడు, వెనక్కి చూడకుండానే వెనక ఏముందో చెప్పేవాడు. సత్తిబాబు కంపెనీ క్వార్టర్లలో పుట్టాడు, గుంటూరు నుంచి వచ్చిన ఉద్యోగి కొడుకు. వడ్లు చెట్టుకు కాస్తాయని ఇంటరు దాకా నమ్మాడు. ఇక అంజయ్య, వెంకటేశం. ఇద్దరిదీ కందే. ఇద్దరికీ ఒకటే సైకిలు. ఫ్రేము అంజయ్య వాళ్ళింటిది, రెండు చక్రాలు వెంకటేశం వాళ్ళింటివి. విడివిడిగా రెండూ తుప్పు సామానే. కలిపి బిగిస్తే రోజూ సంగారెడ్డి దాకా పోయి వచ్చేది. పోయేటప్పుడు ఒకడు తొక్కితే వచ్చేటప్పుడు ఇంకొకడు.

వీళ్ళందరినీ ఒక జట్టు చేసినవాడు సోమయ్య సారు. కాలేజీలో ఆటల సారు. ఆయన కేక వేస్తే కలెక్టరాఫీసు మీది పావురాలు లేచేవి. ఉద్యోగం టెంపరరీ, పదకొండేళ్ళ నుంచీ టెంపరరీ. కానీ పిల్లల మీద ప్రేమ మాత్రం పర్మనెంటు. అంజయ్యకు జ్వరమొస్తే స్కూటరు మీద కందికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఇంట్లో వాళ్ళకంటే ముందు గంజి తాగించిన మనిషి.

మొదట్లో పిల్లలు మనిషికి మనిషి ఆడేవాళ్ళు. అంటే ఎదుటి జట్టులో ఒక్కొక్కణ్ణి ఒక్కొక్కరు పట్టుకుని, వాడు ఎటు ఉరికితే అటు ఉరకడం. పది నిమిషాలకే నాలుకలు బయటికొచ్చేవి. ఒకరోజు సారు బకెట్టెడు సున్నం తెచ్చి, రింగు ముందర ఐదు మడులు గీశాడు. ముందు రెండు, వెనక మూడు.

"అరేయ్, మీ పొలంల పశువు పడితే ఏం చేస్తరు?"

"తోలుతం సార్."

"దాని ఎంబడి ఊరంత ఉరుకుతరా?"

"ఎందుకు ఉరుకుతం? మా మడి దాటిందంటే పక్కోడు తోలుతడు."

"గదే. గదే జోన్ అంటే. ఎదుటోడు మనిషి కాదు, పశువు. దాని ఎంబడి ఉరికితే అదే నిన్ను ఊరు తిప్పుతది. ఎవని మడిల వాడు నిలబడుండ్రి. పశువు అదే వస్తది."

ఆ మాటతో వాళ్ళకు ఆట అర్థమైపోయింది. ఎవరి మడి వాళ్ళు కాశారు. ముందు ఎడమ మడి అంజయ్యది, ముందు కుడి వెంకటేశంది. వెనక ఎడమ మూల సత్తిబాబు, కుడి మూల యాదన్న, నడుమ రింగు కింద పెద్దరాములు. సారు ప్రతి ఎత్తునూ ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి చూపించేవాడు. ఎదుటి ఆటగాడికి సున్నా చుట్టడం ఆయనకు చేతకాదు, ఆవును గీసేవాడు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో ఎడమ కొమ్ము కిందికి వంగిన ఆవొకటి ఉండేదట. అందుకని ఏ ఆవును గీసినా ఎడమ కొమ్ము కిందికి వంగేది. పుస్తకం నిండా వంగిన కొమ్ముల మంద.

అయితే పొలమన్నాక గట్టుంటుంది. మడికీ మడికీ నడుమ గట్టు తెగితే ఎవడు కట్టాలి? కందిలో దానికి కట్టుబాటుంది. పై మడి వాడే కట్టాలి, నీళ్ళు నిలిచేది వాడి మడిలో గనక. పిల్లలు అడగకుండానే ఆ కట్టుబాటును ఆటలోకి తెచ్చారు. ముందు మడులకూ వెనక మడులకూ నడుమ జాగా ముందువాళ్ళే చూసుకోవాలనుకున్నారు. తప్పంతా అక్కడే వచ్చింది. ముందువాళ్ళ మొహాలు ముందుకుంటాయి, గట్టు వాళ్ళ వీపు వెనకుంటుంది. సదాశివపేట జట్టులో ఒకడు సరిగ్గా గట్టు మీద వచ్చి నిలబడి బంతి అందుకున్నాడు. ముందువాళ్ళు వెనకోళ్ళు తోలుతారనుకున్నారు. వెనకోళ్ళు గట్టు ముందోళ్ళదే కదా అనుకున్నారు. ఆ పశువు తీరిగ్గా మేసి, నెమరేసి, ఎనిమిదిసార్లు రింగులో వేసిపోయింది.

సారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మందు కనిపెట్టాడు. బంతి గట్టు మీదికి రాగానే పెద్దరాములు ముందుకు రావాలి. రింగు కింద ఖాళీ అవుతుంది గనక యాదన్న కుడి మూల వదిలి అక్కడికి జరగాలి. కుడి మూల ఖాళీ అవుతుంది గనక వెంకటేశం ముందు నుంచి మూలకు ఉరకాలి. అంతసేపూ ముందు రెండు మడులూ అంజయ్య ఒక్కడే కాయాలి.

"పద్నాలుగు అడుగులు రా వెంకటేశం," అన్నాడు సారు. "బంతి విసిరేటోని భుజం లేవంగనే నువ్వు లేవాలె. చేయి దాటినంక లేస్తే ఐపాయె. ఆ మూలనే మన తూము. నీళ్ళు పోతే ఆడికెల్లే పోతయి. ఈ ముచ్చట మన ఆరుగురి నడుమనే ఉండాలె. పెండ్లాం అడిగినా చెప్పొద్దు."

"మాకు పెండ్లాలు యాడున్నరు సార్?" అన్నాడు యాదన్న.

"అయినంక గూడ చెప్పొద్దు."

ఆ తూము ఎవరికీ తెలియకుండానే జట్టు జిల్లా ఫైనలుకు చేరింది.

ఫైనలు ఆదివారం మధ్యాహ్నం, కొమురయ్య పనిచేసే కంపెనీ గ్రౌండులో. ఎదుటి జట్టు పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీ. పసుపుపచ్చ ట్రాక్‌సూట్లు, ఒక్కొక్కడికీ ఒక్కొక్క బంతి. వాళ్ళకు లేనిదల్లా ఆటల సారు. లెక్కల లెక్చరరు ఒకాయన విజిలు మెడలో వేసుకుని తిరిగేవాడు.

కప్పు సంగతి అలా ఉంచితే, అంజయ్యకు ఆ ఆటలో ఇంకోటి ఉంది. కంపెనీ జట్టులో ముందు ఆడే ఆటగాడు ఒకడు రిటైరయ్యాడు. స్పోర్ట్సు కోటాలో ఒక్కణ్ణి తీసుకుంటామని కంపెనీ ఆఫీసరు నరసరాజు గారు కబురు చేశాడు. ముందు ఆడేవాళ్ళు ఇద్దరే. అంజయ్య, వెంకటేశం. ఎవరనేది ఫైనలు చూసి చెబుతానన్నాడు. కొమురయ్య పద్నాలుగేళ్ళ నుంచీ ఆ కంపెనీలోకి పక్క గేటు నుంచి, చేతిసంచి విప్పి చూపించి పోతున్నాడు. మెయిన్ గేటు నుంచి ఛాతీ మీద బిళ్ళ పెట్టుకుని పోయేవాళ్ళు వేరే జాతి. తన కొడుకు ఆ గేటులోంచి పోతుంటే పక్క గేటులోంచి చూడాలని ఆయన కోరిక. నోరు విప్పి చెప్పలేదు కానీ, ఆ వారమంతా అంజయ్య కంచంలో ఇంకో రొట్టె ఎక్కువ పడింది.

"మన ఇద్దరిల ఎవనికి వచ్చినా ఒకటే," అన్నాడు వెంకటేశం సైకిలు తొక్కుతూ.

"ఒకటే," అన్నాడు అంజయ్య వెనక కూర్చుని. అప్పుడు ఇద్దరూ నిజమే చెప్పారు.

శుక్రవారం అంజయ్య నాయినకు అన్నం గిన్నె ఇవ్వడానికి బస్సులో పోతున్నాడు. పటాన్‌చెరులో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే, హోటలు ముందు బల్ల మీద వెంకటేశం. పక్కన పసుపుపచ్చ చొక్కా పిల్లవాడు. వెంకటేశం వాడి చేయి పట్టుకుని ఏదో బతిమాలుతున్నట్టు చెబుతున్నాడు. వాడు నవ్వి తలూపాడు. బస్సు కదిలిపోయింది.

మర్నాడు పొద్దున సైకిలు మీద అడిగాడు అంజయ్య.

"నిన్న యాడ పోయినవ్ రా?"

"యాడికి పోతా? బర్లకు గడ్డి కోసిన."

"పొద్దంతనా?"

"నాలుగు బర్లు రా. నీ లెక్క ఒక్క రొట్టెతోని ఊకుంటయా?"

అంజయ్య నవ్వలేదు. సంగారెడ్డి దాకా ఆరు కిలోమీటర్లూ ముందున్న వీపు వైపే చూస్తూ కూర్చున్నాడు. రోజూ చూసే వీపే.

ఆదివారం కంపెనీ గ్రౌండు సిమెంటుది. అంత నున్నటి నేల చూసి పెద్దరాములు చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. అంజయ్య లేసులు కట్టుకుంటూ పక్కకు చూసి ఆగిపోయాడు. వెంకటేశం సంచిలోంచి బూట్లు తీస్తున్నాడు. రోజూ వేసుకునే, బొటనవేలు బయటికి పలకరించే గుడ్డ బూట్లు కావు. తెల్లటివి, తోలువి, పక్కన పసుపుపచ్చ గీత.

"యాడియి రా?"

"ఉన్నయి లే," అన్నాడు వెంకటేశం తలెత్తకుండా.

విజిలు పడింది.

పసుపు జట్టు మొదటి బంతినే గట్టు మీదికి వేసింది. పెద్దరాములు ముందుకొచ్చాడు. యాదన్న రింగు కిందికి జరిగాడు. గట్టు మీదివాడు రింగు వైపు చూడనైనా చూడలేదు. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడిలా తిన్నగా కుడి మూలకు విసిరాడు. అక్కడ ఒకడు అప్పటికే నిలబడి ఉన్నాడు, బస్సు కోసం నిలబడినట్టు. వెంకటేశం ఉరికి వచ్చేసరికి సగం అడుగు ఆలస్యం. బంతి రింగులో పడింది.

ఏదో ఒక్కసారి అలా పడిందిలే అనుకున్నాడు అంజయ్య. రెండోసారీ అదే. మూడోసారీ అదే. ఎడమ వైపుకు ఒక్క బంతి రాలేదు. కొత్త ఊరికి వచ్చినవాడు ఎవరినీ దారి అడగకుండా నేరుగా నీ ఇంటి గడియ తీస్తే, లోపలివాళ్ళెవరో చెప్పారనే కదా! నాలుగోసారి వెంకటేశం మూల మలుపులో కాలు తడబడి మోకాలి మీద పడ్డాడు. తెల్ల బూట్లు ఎండలో మెరిశాయి. అంజయ్య లెక్క వేసుకున్నాడు.

ఆరుగురికే తెలిసిన ముచ్చట. పెద్దరాములు కడుపులో ఆకలికి తప్ప రహస్యానికి చోటు లేదు. యాదన్న అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. సత్తిబాబుకు తూము అంటేనే తెలియదు, అడుగుల లెక్క మాత్రం బట్టీ పట్టాడు. తను చెప్పలేదు. సారు కన్నతండ్రి లాంటివాడు. ఇక మిగిలిందెవరు? గడ్డి కోసినవాడు.

సగం ఆటకు పది పాయింట్లు వెనకబడ్డారు. సారు గ్లూకోజు నీళ్ళు పోసి ఇచ్చాడు. పావురాలను లేపే గొంతు ఆరోజు పిచ్చుకను కూడా లేపలేదు.

"సార్, కుడి మూల కాలిపోతున్నది. ఏం చేద్దాం?" అన్నాడు అంజయ్య.

"గదే ఆడుండ్రి. మడి ఇడువొద్దు," అన్నాడు సారు, బత్తాయి తొక్క తీస్తూ. "వెంకటేశం జెర జల్దీ ఉరకాలె."

"ఉరుకుతున్న సార్," అన్నాడు వెంకటేశం. ఊపిరి అందడం లేదు వాడికి.

"ఉరుకుతున్నవ్. మస్తు ఉరుకుతున్నవ్," అన్నాడు అంజయ్య. ఆ మాటలో విషం వెంకటేశానికి తెలియలేదు. దోస్తు ధైర్యం చెబుతున్నాడనుకుని తలూపాడు.

రెండో సగంలో అంజయ్య ఒక నిర్ణయం చేసుకున్నాడు. వాడి మడి కూడా తనే కాస్తాడు. బంతి గట్టు మీదికి పడగానే తన జాగా వదిలేసి, అడ్డంగా ఉరికి కుడి మూలకు పోయాడు. విసిరినవాడు అనుకోలేదు. బంతి అంజయ్య చేతిలో పడింది. అక్కడి నుంచి అవతలి రింగు దాకా అతను ఉరికిన ఉరుకుకు లేచిన దుమ్ము పటేల్‌గూడలో ఆరేసిన బట్టల మీద పడిందంటారు. అది సిమెంటు గ్రౌండు, దుమ్మెక్కడిదని అడిగినవాళ్ళు ఆట చూడనివాళ్ళు.

నాలుగుసార్లు అలా దొరికింది. పది పాయింట్ల తేడా రెండుకొచ్చింది. నరసరాజు గారు కుర్చీలో ముందుకు వంగాడు. ఫెన్సింగు అవతల కొమురయ్య వెల్డింగు అద్దాలు నెత్తి మీదికి ఎత్తుకుని చూస్తున్నాడు.

"అంజీ, నీ జాగల ఉండు! నేనొస్తున్న మూలకు!" అని అరిచాడు వెంకటేశం.

"నువ్వొచ్చేది సూసిన గద!"

ఒక మూలకు ఇద్దరు కాపలా. ముందు రెండు మడులకు దిక్కులేదు. జోన్ అంటే మడులూ గీతలూ కాదు, పక్కవాడు తన మడి కాస్తాడనే నమ్మకం. అది పోయాక మిగిలింది సున్నమే. గట్టు మీదివాడు తెలివైనవాడు. ఇక మూలకు విసరడం మానేశాడు. వెనక్కి తిరిగి, అంజయ్య వదిలేసిన ఎడమ మడిలోకి వేశాడు. అక్కడ పసుపు చొక్కావాడు ఎంత ఒంటరిగా ఉన్నాడంటే, బంతి అందుకుని, చెమట తుడుచుకుని, కావాలంటే ఒక చాయ్ తాగి కూడా వేయగలిగేవాడు. వేశాడు. మళ్ళీ వేశాడు. ఆఖరి నిమిషంలో స్కోరు సమానమైనప్పుడు కూడా అక్కడి నుంచే వేశాడు. యాభై రెండు, యాభై. విజిలు.

పసుపు జట్టు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. అంజయ్య నేరుగా వెంకటేశం దగ్గరికి పోయాడు. వాడు నేల మీద కూర్చుని మోకాలి నెత్తురు తుడుచుకుంటున్నాడు.

"ఎంతకమ్మినవ్ రా? గీ జత బూట్లకేనా?"

"ఏందిరా?"

"పటాన్‌చెరుల సూసిన. చేయి పట్టుకొని చెప్తుంటివి గద. గడ్డి కోసినోడివి!"

పెద్దరాములు, యాదన్న, సత్తిబాబు నిలబడిపోయారు. వెంకటేశం వంగి లేసులు విప్పడం మొదలుపెట్టాడు. బూటు తీస్తే లోపలి నుంచి గుడ్డపేలికల ముద్ద బయటపడింది. రెండో బూటులోంచీ అంతే. రెండు సైజులు పెద్దవి. వాటితోనే పద్నాలుగు అడుగులు, నలభై నిమిషాలు ఉరికాడు.

అంతలో పసుపు చొక్కా పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, బూట్లు ఇస్తవా? మా అన్నకు తెల్వకుండ తెచ్చిన, ఇంటికి పోయేసరికి పెట్టాలె." అంజయ్య వైపు తిరిగి నవ్వాడు. "మీవోడు మస్తు మొండోడు. సిమెంటు మీద చిరిగిన బూట్లతోని జారుతనని ఒకటే బతిమాలుడు. అడుక్కున్నట్టు ఎవ్వరికీ చెప్పొద్దని నాతోని ఒట్టు గూడ ఏయించుకున్నడు."

ఒట్టు పోయిందని కూడా వాడికి గుర్తులేదు. బూట్లు తీసుకుని పోయాడు.

నరసరాజు గారు అప్పటికి వాళ్ళ దగ్గరికి వచ్చాడు. మంచివాడే. చుట్టూ తిప్పి చెప్పడం తెలియని మనిషి.

"ఏమయ్యా, నువ్వు బాగా ఆడతావు. కానీ నీ జాగా వదిలి పక్కవాడి జాగాకు పోతావు. ఆటలో అయితే రెండు పాయింట్లు పోతాయి. మిషను మీద అయితే చెయ్యి పోతుంది." తర్వాత వెంకటేశం వైపు చూశాడు. "నీ కాలు జారినా మూల వదల్లేదు. బుధవారం సర్టిఫికెట్లు తీసుకుని మెయిన్ గేటు దగ్గరికి రా."

ఫెన్సింగు అవతల కొమురయ్యకు మాటలు వినబడలేదు. ఆఫీసరు చేయి ఎవరి భుజం మీద పడిందో కనబడింది. అద్దాలు మళ్ళీ కళ్ళ మీదికి దించుకున్నాడు.

అంజయ్య అక్కడి నుంచి నడిచిపోయాడు. పసుపు జట్టు కూర్చున్న బెంచీ దగ్గర ఆగాడు. అందరూ కప్పు దగ్గర ఫోటోకు పోయారు. బెంచీ కింద బత్తాయి తొక్కలు, నీళ్ళ సీసాలు, ఒక మడత కాగితం. లెక్కల లెక్చరరు ఆటంతా చేతిలో పట్టుకున్న కాగితం. అంజయ్య తీసి విప్పాడు.

ఐదు మడులు. ముందు రెండు, వెనక మూడు. నడుమ గట్టు మీద ఒక ఆవు. కుడి మూలలో ఇంకో ఆవు. ఒక దాని నుంచి ఇంకో దానికి బాణం. పక్కన అంకె, పద్నాలుగు. రెండు ఆవులకూ ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంది.

మొదటిసారి బాస్కెట్‌బాల్ చేతికిచ్చిన చెయ్యి గీసిన ఆవు. గంజి తాగించిన చెయ్యి గీసిన ఆవు.

సారు సైకిళ్ళ స్టాండు దగ్గర స్కూటరు స్టార్టు చేస్తున్నాడు. కిక్కు కొడుతున్నాడు, అది లేవడం లేదు. అంజయ్య కాగితం చూపించాడు. సారు కాలు ఆగింది.

"ఇది మీదేనా సార్?"

"యాడ దొరికింది?"

"మీదేనా?"

సారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "పదకొండేండ్లు టెంపరరీ రా అంజిగా. ఆ కాలేజోళ్ళు పర్మనెంటు ఇస్తమన్నరు. ఇంటర్వ్యూల అడిగిండ్రు, నువ్వు కట్టిన జోన్‌ను నువ్వే ఇరగ్గొట్టాలంటే ఎట్ల అని. గీసి సూపియ్యమన్నరు. గీసిన. పరీక్ష అనుకున్న రా. కాగితం ఆడనే పెట్టుకుంటరని నేననుకోలే."

అంజయ్య అది నమ్మాడు. నమ్మినందుకే ఇంకో మాట అడగాల్సి వచ్చింది.

"మొదటి బంతి మూలకు పడంగనే తెల్వలేదా సార్?"

సారు రుమాలు మడత పెట్టుకున్నాడు.

"తెలిసింది గద. మరి జోన్ ఇప్పి మనిషికి మనిషిని పట్టుండ్రి అని ఒక్క మాట ఎందుకనలే? మీకు గొంతు లేదా సార్? సగం ఆటకు నేనొచ్చి అడిగితి. బత్తాయి తొక్క తీస్తుంటిరి."

"మీరు గెలిస్తే," అన్నాడు సారు, నేల వైపు చూస్తూ, "నా కాగితం అబద్ధమైతది గద రా. అబద్ధం రాసినోన్ని ఎవడు తీసుకుంటడు?"

"వెంకటేశం జల్దీ ఉరకాలె అన్నరు."

"అన్న."

"వాన్ని నేను అందరి ముంగట దొంగను చేసిన సార్."

సారు కిక్కు కొట్టాడు. ఈసారి స్కూటరు లేచింది. "ఇంటికి పో అంజిగా. కప్పులు మస్తొస్తయి," అన్నాడు. ఆ గొంతులో ప్రేమ కూడా ఉంది. అదే అంజయ్యకు భరించలేనిదయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు.

సంగారెడ్డి బస్సులో వెంకటేశం ముందు తలుపు దగ్గర, అంజయ్య వెనక తలుపు దగ్గర. నడుమ పెద్దరాములు తల మడత పెట్టుకుని, ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ చూస్తూ, ఎటు జరగాలో తెలియక నిలబడ్డాడు. ముత్తంగి పోయింది, ఇస్నాపూర్ పోయింది, రుద్రారం పోయింది. కందిలో ఇద్దరూ దిగారు. పొద్దు వాలింది. పొద్దున పంక్చరు దుకాణం గోడకు ఆనించి పోయిన సైకిలు అలాగే ఉంది.

"వెంకటేశం, ఆగు రా. నువ్వు కాదు. సారు. ఇగో సూడు." కాగితం చాపాడు.

వెంకటేశం చూశాడు. ఆవులను గుర్తుపట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సారు కోసం. తర్వాత కాగితం మడత పెట్టి ఇచ్చేశాడు.

"కాగితం దొరకకపోతే?"

అంజయ్య కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

"ఆరుగురిల నన్నే ఎందుకు పట్టుకున్నవ్ రా?"

"బూట్లు... గడ్డి కోసిన అని అబద్ధం చెప్తివి..."

"అడుక్కున్న అని చెప్పాల్నా నీకు? సిగ్గయింది, చెప్పలే." వెంకటేశం నవ్వాడు, కానీ అది వాడి నవ్వు కాదు. "ఒరే పిచ్చోడా, కాలిపోయింది నా మూల. అమ్మేటోన్నైతే నా మూల నేనే అమ్ముకుంటనా రా? అమ్మితే నీ మూల అమ్ముతుంటి. ఒక్కపారి గది గూడ ఆలోచించలేదు గద నువ్వు."

వెంకటేశం పంక్చరు దుకాణం ముసలాయన్ని పానా అడిగి తీసుకున్నాడు. సైకిలును తలకిందులు చేసి, కూర్చుని, ముందు చక్రం నట్లు విప్పాడు. తర్వాత వెనకది. చెయిను జాగ్రత్తగా తీసి, నూనె అంటకుండా ఫ్రేముకు చుట్టాడు, అది అంజయ్య వాళ్ళది గనక. పానా తిరిగి ఇచ్చి, భుజానికొక చక్రం తగిలించుకుని, చిరిగిన గుడ్డ బూట్లతో ఊళ్ళోకి నడిచిపోయాడు. మోకాలు నొప్పికి కొంచెం కుంటుతున్నాడు. వెనక్కి చూడలేదు.

అంజయ్య ఫ్రేము ఎత్తుకుని ఇంటికి పోయేసరికి కొమురయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. కొడుకు భుజం మీది ఇనుము చూశాడు.

"సైకిల్‌కేమైంది రా? చక్రాలు ఎవడెత్కపోయిండు?"

"ఎవ్వడు ఎత్కపోలే నాయినా," అన్నాడు అంజయ్య, ఫ్రేమును గోడకు ఆనిస్తూ. "ఎవలయి వాళ్ళు తీసుకున్నరు."